నడుము ఎమ్మారై రిపోర్టు: చివరి వాక్యం నుంచి చదవాలి

నడుములో మొదలై పిర్ర మీదుగా తొడ వెనకకు, అక్కడి నుంచి పిక్కలోకి, పాదంలోకి దిగే నొప్పిని వైద్యులు సయాటికా అంటారు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ నొప్పితో ఆసుపత్రి మెట్లెక్కేవారిలో నాట్లు వేసే కూలీలు, పత్తి ఏరే స్త్రీలు, చాట ఒడిలో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే మహిళలు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, గోదావరిఖని, మందమర్రి గనుల్లో దిగేవారు, గల్ఫ్‌లో బరువులు మోసి తిరిగివచ్చినవారు, అందరూ ఉంటారు. వీరిలో చాలామంది చేతికి ఏదో ఒక దశలో వెన్నెముక ఎమ్మారై రిపోర్టు వస్తుంది. అది మొత్తం ఇంగ్లిషులోనే ఉంటుంది, అందులో సగం మాటలు ఇంగ్లిషు చదువుకున్నవారికీ అర్థం కావు, అర్థమైన సగమేమో భయపెడతాయి. ఆ కాగితం అడుగున, సంతకానికి కాస్త పైన, రోగి లక్షణాలతో సరిపోల్చి చూసుకోవాలి అనే అర్థంలో ‘క్లినికల్ కోరిలేషన్’ అనే మాట తరచుగా ఉంటుంది. మొత్తం రిపోర్టులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ మాటే, అన్నిటికన్నా తక్కువమంది పట్టించుకునేదీ ఆ మాటే.

రేడియాలజిస్టు చూసేది చిత్రాన్ని, రోగి నడకను కాదు. తెర మీద కనిపించినవాటిని ఒక్కటీ వదలకుండా నమోదు చేయడం ఆయన విధి. వాటిలో ఏది నొప్పికి కారణమో, ఏది వయసుతోపాటు వచ్చి ఊరికే ఉన్నదో తేల్చవలసినది రోగిని ముట్టి పరీక్షించిన వైద్యుడు. పైగా నమోదు చేయడంలోనూ మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కుడికాలిలోకి నొప్పి దిగుతున్న 63 ఏళ్ల మహిళకు అమెరికాలో మూడు వారాల వ్యవధిలో 10 వేర్వేరు కేంద్రాల్లో ఎమ్మారై తీయించి, ఆ ఫలితాలను 2017లో ప్రచురించారు. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు నమోదు కాగా, పదింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటీ లేదు, తొమ్మిదింటిలో కనిపించినది ఒకే ఒక్కటి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే కావడంతో అక్కడివారు నాగ్‌పూర్‌కో యవత్మాల్‌కో వెళ్లడం పాత అలవాటు. అందువల్ల ఒకే రోగి సంచిలో రెండు రాష్ట్రాల రిపోర్టులుండి, అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే జబ్బు ముదిరిందని గానీ, ఒకరు తప్పు రాశారని గానీ వెంటనే అనుకోవలసిన పని లేదు.

రిపోర్టు అర్థం కావాలంటే నడుము నిర్మాణం కొంత తెలియాలి. నడుము భాగంలో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. వాటిని పైనుంచి కిందికి ఎల్1 మొదలు ఎల్5 వరకు లెక్కిస్తారు, వాటి అడుగున త్రికాస్థి మొదటి భాగం ఎస్1 ఉంటుంది. కొందరిలో ఎల్5 త్రికాస్థితో అతుక్కుని నాలుగే పూసలున్నట్టు, మరికొందరిలో ఆరున్నట్టు కనిపిస్తాయి కాబట్టి, ఆపరేషన్ దాకా వెళ్లేవారి విషయంలో ఈ లెక్కను మళ్లీ సరిచూడడం తప్పనిసరి. రెండు పూసల మధ్య ఉండే మెత్తని బిళ్లే డిస్కు. పొర గట్టిగా, లోపల నీరుపట్టిన గుజ్జుతో ఉండే తాటిముంజ వంటి నిర్మాణం దానిది. వెన్నుపాము సాధారణంగా ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నరాల కట్ట ఒకటి ద్రవంతో నిండిన సంచిలో వేలాడుతుంది; అందులోంచి ప్రతి పూస దగ్గర కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున నరాలు బయటికి వెళతాయి. రిపోర్టులో ‘థీకల్ శాక్’ అనేది ఆ సంచిని, ‘న్యూరల్ ఫొరామెన్’ అనేది నరం బయటికి వెళ్లే రంధ్రాన్ని.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ డిస్కు, నరం కనిపించవు. డిస్కు చిట్లి నరాన్ని ఒత్తడం వల్ల సయాటికా వస్తుందని 1934లో బోస్టన్ శస్త్రవైద్యులు మిక్స్టర్, బార్ ప్రకటించినా, ఆపరేషన్ చేయకుండా దాన్ని ఇంత స్పష్టంగా చూడగలగడం ఎమ్మారైతో సాధ్యమైంది. ఈ యంత్రం ఎక్స్‌కిరణాలను కాక బలమైన అయస్కాంతాన్ని, రేడియో తరంగాలను వాడుకుని శరీరంలోని నీటిని చిత్రంగా మారుస్తుంది కాబట్టి రేడియేషన్ భయం లేదు. పేస్‌మేకర్ ఉన్నవారు, కంట్లో ఇనుప రజను పడినవారు, శరీరంలో లోహపు పరికరాలు అమర్చుకున్నవారు మాత్రం ముందే చెప్పాలి. ఫిల్మును వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు, నడుమును నిలువుగా చీల్చినట్టుండే ‘టీ2’ చిత్రాల్లో నీరున్న చోట తెల్లగా కనిపిస్తుంది. నరాల సంచి తెల్లని పట్టీలా, ఆరోగ్యమైన డిస్కు నడుమ తెల్లగా అంచున నల్లగా, ఎండిన డిస్కు పూర్తిగా నల్లగా ఉంటాయి. అడ్డంగా కోసినట్టుండే చిత్రాల్లో కుడి ఎడమలు తారుమారవుతాయి: చూసేవారి ఎడమచేతి వైపున్నది రోగి కుడివైపు. ఇది తెలియక ఇంటిల్లిపాదీ ఫిల్ము ముందు తలలు పట్టుకోవడం కద్దు.

ఇక మాటల సంగతి. ‘డెసికేషన్’ అంటే డిస్కులో నీరు తగ్గడం. ‘నడుములో గ్యాప్ వచ్చింది’ అని జనం చెప్పుకునేది చాలాసార్లు దీని తరువాతి దశనే. నిజానికి అక్కడ ఖాళీ ఏర్పడలేదు, ఎండిన డిస్కు ఎత్తు తగ్గి పూసలు దగ్గరయ్యాయి. ‘ఆస్టియోఫైట్’ పూస అంచున పెరిగిన ఎముక ముక్కు, ‘ఫాసెట్ ఆర్థ్రోపతీ’ పూసల వెనకనున్న చిన్న కీళ్ల అరుగుదల, ‘ష్మోర్ల్స్ నోడ్’ డిస్కు పదార్థం పూసలోకి చేసుకున్న చిన్న గుంట. ఈ జాబితా వయసు చెప్పినంతగా నొప్పి సంగతి చెప్పదు. నడుము నొప్పి ఏమాత్రం లేని 98 మందికి అమెరికాలో ఎమ్మారై తీసి 1994లో ప్రచురించిన పరిశోధనలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది, 27 శాతం మందికి ముందుకు పొడుచుకొచ్చి ఉంది, అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతమే. 2015లో 33 పరిశోధనలను, 3,110 మంది నొప్పి లేనివారిని కలిపి లెక్కించినప్పుడు డిస్కు అరుగుదల 20 ఏళ్ల వయసులో 37 శాతం మందిలో, 50 ఏళ్లకు 80 శాతం మందిలో, 80 ఏళ్లకు 96 శాతం మందిలో కనిపించింది. యాభై దాటిన రైతుకు ‘డీజనరేటివ్ డిస్క్ డిసీజ్’ అని రాసి ఇస్తే అందులో ‘డిసీజ్’ అన్న మాట చేసే హాని, డిస్కు చేసే హాని కన్నా ఎక్కువ కావచ్చు.

దీనర్థం నొప్పి ఉత్తదని కాదు, నొప్పికి ఫిల్ములో కనిపించిన ఆ మార్పు కారణమని ఇంకా రుజువు కాలేదని మాత్రమే.

డిస్కు బయటికి రావడంలోనూ దశలున్నాయి, వాటి మధ్య తేడా తెలుసుకోదగ్గది. డిస్కు తన అంచు దాటి చుట్టూ సమంగా, చుట్టుకొలతలో నాలుగో వంతుకు మించి ఉబ్బితే అది ‘బల్జ్’. ఒకవైపే పొడుచుకొచ్చి, మొదలు వెడల్పుగా, కొన సన్నగా ఉంటే ‘ప్రొట్రూజన్’. పొర తెగి గుజ్జు బయటపడి, వచ్చిన భాగం మొదలు కన్నా వెడల్పుగా ఉంటే ‘ఎక్స్‌ట్రూజన్’. ఆ ముక్క పూర్తిగా విడివడిపోతే ‘సీక్వెస్ట్రేషన్’. పై 98 మందిలో ఎక్స్‌ట్రూజన్ ఉన్నది ఒక్క శాతమే కనుక, బల్జ్‌కు లేని బరువు ఈ మాటకు ఉంది. అయితే వినడానికి వింతగా ఉండే సంగతి ఇంకొకటుంది: బయటపడిన ముక్క ఎంత పెద్దదైతే, ఎంత విడివడితే, అది కరిగిపోయే అవకాశం అంత ఎక్కువ. పొర దాటిన గుజ్జును శరీరం పరాయి పదార్థంగా గుర్తించి, రక్తకణాలను పంపి, నెలల తరబడి మెల్లగా తినేస్తుంది. ఉత్త బల్జ్ మాత్రం ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతుంది, చాలాసార్లు ఎవరినీ బాధించకుండానే.

నరం గురించిన క్రియాపదాలను కూడా ఒకే గాటన కట్టకూడదు. ‘ఇండెంటింగ్ థీకల్ శాక్’ అంటే సంచి మీద చిన్న నొక్కు పడిందని మాత్రమే. ‘అబటింగ్’ అంటే డిస్కు నరాన్ని తాకుతున్నదని. ‘డిస్‌ప్లేసింగ్’ అంటే పక్కకు నెట్టిందని. ‘కంప్రెసింగ్’ అంటే నొక్కేస్తున్నదని. మొదటి రెండు మాటలు చూసి నరం నలిగిపోయిందని కంగారుపడేవారు ఎందరో ఉన్నారు.

నొక్కుడు నిజమే అయినా అది రోగి చెప్పే నొప్పికి సరిపోవాలి, క్లినికల్ కోరిలేషన్ అనేది ఇదే. ఎల్4–ఎల్5 డిస్కు మధ్యకు కొంచెం పక్కగా జారితే సాధారణంగా ఒత్తిడి పడేది కిందికి దిగుతున్న ఎల్5 నరం మీద. ఆ నొప్పి, తిమ్మిరి పిక్క బయటివైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి వెళతాయి. ఎల్5–ఎస్1 డిస్కు జారితే ఎస్1 నరం నలిగి పిక్క వెనక, మడమ, అరికాలి బయటి అంచు, చిటికెనవేలు బాధిస్తాయి. వైద్యుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలిని నెమ్మదిగా పైకెత్తుతూ పోతే, నరం నలిగినవారికి 30 నుంచి 70 డిగ్రీల మధ్య ఎక్కడో కాలి వెంట కరెంటు పాకినట్టు నొప్పి వస్తుంది. తరువాత బొటనవేలిని పైకి లేపమని, దాన్ని తన వేలితో కిందికి అదుముతారు. రెండు కాళ్లకూ అలా చేసినప్పుడు ఒక వేలు నిలవలేక వాలిపోతే ఎల్5 బలహీనపడినట్టు. మునివేళ్ల మీద నడవమన్నప్పుడు ఒక మడమ లేవకపోయినా, చీలమండ వెనక సుత్తితో తడితే పాదం కదలకపోయినా అది ఎస్1. మోకాలి కింద తడితే వచ్చే కదలిక తగ్గితే ఎల్4. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు, అయినా ఇది జరగకుండానే స్కానుకు చీటీ రాయించుకున్నవారు తక్కువేమీ కాదు. ఎడమకాలు గుంజుతున్న మనిషి రిపోర్టులో కుడివైపు నరం నొక్కుకుపోయిందని ఉంటే, ఆ నొక్కును ఆపరేషన్ చేసినా ఎడమకాలి నొప్పి పోదు.

చిత్రానికీ నొప్పికీ పొంతన కుదరనప్పుడు నడుము వదిలి ఇతర చోట్ల వెతకాలి. రెండు అరికాళ్లలో సమంగా మంట, తిమ్మిరి ఉండి, కాలి చెప్పు జారినా తెలియకపోతే మధుమేహం నరాలను దెబ్బతీసి ఉండవచ్చు. నొప్పి గజ్జల్లో ఉండి, బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతే తుంటికీలు చూడాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలోని గోండు, కొలాం వంటి ఆదివాసీ సముదాయాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉన్నందున, తుంటి ఎముక తలకు రక్తం అందక అది చచ్చిపోవడం అక్కడి యువకుల్లో గుర్తుంచుకోవలసిన సంగతి. పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, పని మొదలుపెట్టాక సడలే నడుము నొప్పి ముప్పై ఏళ్లలోపు వారికి వస్తే అది డిస్కు కాక కీళ్లవాతం కావచ్చు.

వయసు మళ్లినవారి కథ వేరు. డిస్కు ఉబ్బు, వెనకనున్న లిగమెంటు మందం, కీళ్ల పెరుగుదల మూడూ కలిసి నరాల సంచి ఉన్న మార్గాన్ని ఇరుకు చేస్తాయి. దీన్ని ‘కెనాల్ స్టెనోసిస్’ అంటారు. మన రిపోర్టుల్లో ప్రతి స్థాయికీ మార్గం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో ఇవ్వడం మామూలు. స్థూలంగా 12 కన్నా తగ్గితే ఇరుకు, 10 కన్నా తగ్గితే గట్టి ఇరుకు అని లెక్క. కానీ ఇక్కడ అంకె కన్నా నడక నమ్మదగినది. కొంత దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తేలికపడి, మళ్లీ నడవగలిగితే అది స్టెనోసిస్; బజారుకు నడవలేని పెద్దాయన అదే దూరం సైకిల్ తొక్కగలగడానికి కారణం వంగినప్పుడు ఆ మార్గం కొద్దిగా వెడల్పు కావడమే. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఎముకలు దట్టమై, లిగమెంట్లు ఎముకగా మారి ఇదే ఇరుకు చిన్న వయసులోనే రాగలదు. తెలుగు నేల మీద ఈ వ్యాధిని 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో వైద్యులు వివరించారు. తెలంగాణలో నల్లగొండ పేరు ముందుకొచ్చినా ఉత్తర జిల్లాల పాత బోర్ల నీరు తాగినవారిలోనూ దీన్ని మరచిపోకూడదు. సున్నం పేరుకోవడాన్ని ఎమ్మారై సరిగా చూపదు కాబట్టి ఇక్కడ మామూలు ఎక్స్‌రే, సీటీ స్కాన్ ఎక్కువ ఉపయోగపడతాయి.

పనే నడుమును పాడుచేసిందన్నది ఈ ప్రాంతంలో ఇంటింటి మాట. ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్ నడిపేవారి నడుములకు గంటల తరబడి అదురు తగులుతుంది, వంగి నాటు వేసే స్త్రీ నడుము సాయంత్రానికి నొస్తుంది. ఆ నొప్పిని ఎవరూ కాదనలేరు. కానీ చిత్రంలో కనిపించే అరుగుదల సంగతి వేరు. ఫిన్లాండ్‌లో 115 జతల మగ కవలలను పరీక్షించి 1995లో ప్రచురించిన పరిశోధనలో, ఒకరు బరువు పని, ఒకరు కుర్చీ పని చేసిన జంటల్లో కూడా డిస్కులు చాలావరకు ఒకేలా అరిగాయి. వారసత్వం పాత్ర పని పాత్ర కన్నా ఎంతో పెద్దదని తేలింది. సింగరేణి బొగ్గుగని కార్మికుడికి స్కాన్ రిపోర్టు, పనికి తగినవాడో కాదో తేల్చే మెడికల్ బోర్డు ముందు పెట్టే కాగితం కూడా కావడంతో, అందులోని మాటలకు వైద్యంతో సంబంధం లేని విలువ ఒకటి చేరింది. ఎంత పెద్ద మాటలున్నా రిపోర్టు పని చేయగల శక్తిని కొలవదు. ‘బల్జ్ ఉంది, ఇక జీవితాంతం బరువు ఎత్తొద్దు’ అనే తీర్పుకు అది ఆధారం కాలేదు.

అదే సమయంలో, కనిపిస్తే తేలికగా తీసుకోకూడని మాటలు కొన్ని ఉన్నాయి. ‘స్పాండైలోడిస్కైటిస్’, ‘పారావర్టిబ్రల్ కలెక్షన్’, ‘మారో ఎడీమా’ అని పక్కపక్క పూసల గురించి రాసి ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానించాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి తోడైతే మన దేశంలో మొదట గుర్తుకు రావలసినది వెన్నెముక క్షయ. దానికి ప్రభుత్వ కార్యక్రమం కింద మందులు ఉచితం, కానీ చికిత్స 12 నెలలు లేదా ఆపైన సాగుతుంది. గొర్రెలు, పశువులతో మెలిగేవారిలో, పచ్చిపాలు తాగేవారిలో బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఇలాంటి చిత్రాన్నే చూపగలదు. ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకోగానే నొప్పిని మాయం చేసే మందుల్లో స్టెరాయిడ్ ఉంటే అది ఇన్ఫెక్షన్‌ను దాచిపెడుతుంది, పదేపదే వాడితే ఎముకను గుల్ల చేస్తుంది. తాటిచెట్టు మీదినుంచి పడిన గీత కార్మికుడికి, కాలు జారి కూర్చున్నట్టు పడిన వృద్ధురాలికి పూస నలిగి ఉండవచ్చు. అది పాత దెబ్బా కొత్తదా అన్నది ‘స్టిర్’ అనే చిత్రాల్లో ఎముక తెల్లగా మెరవడాన్ని బట్టి తెలుస్తుంది. 

ఈ ప్రమాద లక్షణాలేవీ లేనప్పుడు మొదటి ఆరు వారాలు స్కాన్ అవసరం లేదని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. నొప్పి తగ్గించే మందులు, రెండు రోజులకు మించని విశ్రాంతి, వీలైనంత నడక చాలామందికి సరిపోతాయి. ఆపరేషన్ మాటకొస్తే, 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికా ఉన్న 283 మంది మీద నెదర్లాండ్స్‌లో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం చదవదగినది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. ఆగిచూసినవారిలో 39 శాతం మందికి తరువాత ఆపరేషన్ అవసరమైంది, మిగతావారిలో ఎక్కువమంది అది లేకుండానే కోలుకున్నారు. ఏడాది గడిచేసరికి రెండు వర్గాల మధ్య తేడా లేదు. ఓర్చుకోగలిగినవారు ఆగవచ్చు, ఓర్చుకోలేనివారు చేయించుకోవచ్చు. ఎంపిక రోగిదే గానీ ఫిల్ముది కాదు. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాక ఫిల్మును, సీడీని, పాత స్కాన్లను కూడా తీసుకెళ్లాలి. నొప్పి ఏ కాలిలో, ఏ వేలి దాకా వెళుతుందో రోగి స్వయంగా వేలుపెట్టి చూపించాలి.

ఆగకూడని సందర్భం ఒకటుంది. నరాల కట్ట మొత్తం నలిగిపోయినప్పుడు మూత్రం బిగుసుకుపోతుంది లేదా తెలియకుండా జారిపోతుంది, సైకిల్ సీటుకు ఆనే చోట స్పర్శ పోతుంది, రెండు కాళ్లలోనూ బలం తగ్గుతుంది. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. ఇది అరుదు, కానీ గంటలు గడిచేకొద్దీ మూత్రం మీద అదుపు తిరిగివచ్చే అవకాశం తగ్గిపోతుంది, ఒకటి రెండు రోజులు దాటితే శాశ్వత నష్టం మిగలవచ్చు. బోథ్‌లో ఉన్నా, ఉట్నూరులో ఉన్నా, కాటారంలో ఉన్నా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా 108కు ఫోన్ చేసి, వెన్నెముక ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి ఆ రాత్రే బయలుదేరాలి.